బావిలోంచి తీసిన ఇంజన్ హెడ్డు

మా బావ ఇంజన్ హెడ్డు ఊడదీసి బావిలో పడేసినప్పుడు నేను ఒడ్డు మీద గడ్డి కోస్తున్నాను. బావ అంటే నా భర్త అన్న. అన్నదమ్ములిద్దరికీ ఒకటే బావి, ఒకటే ఇంజన్. మాది జగిత్యాల నుంచి ధర్మపురికి పోయే తోవలో ఊరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్లు కావస్తున్న రోజులవి. ఎడ్లతో నీళ్లు తోడే మోట మానేసి డీజిల్ ఇంజన్ పెట్టినవాళ్లు ఊళ్లో ఇంకా కొద్దిమందే. మా ఇంజన్ చప్పుడు చెరువు అవతలి దాకా వినిపిస్తుందని మా ఇంటాయన గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. యాసంగి వరి పొట్టకొచ్చే వేళకు బావిలో నీళ్లు అడుగంటుతున్నాయి. కొంతసేపు ఇంజన్ నడిపితే నీళ్లు అయిపోయేవి. మళ్లీ ఊరేదాకా కూర్చోవాలి. పొద్దుటి వంతు బావది, మాపటి వంతు మాది. ఊరిన నీళ్లు ఎవరి వంతులోకి వస్తాయన్నదే రోజూ కొట్లాట. అంతకుముందు వారం మా ఇంటాయన అన్న ఎద్దును కర్రతో కొట్టి కాలు విరగ్గొట్టాడు. దానికి బదులు బావ మా గడ్డివాముకు నిప్పు పెట్టాడని అందరూ అన్నారు. నేను చూడలేదు. కాలిన బూడిదను మాత్రం ఎత్తిపోశాను.

ఆ రోజు బావ తన వంతుకు వచ్చేసరికి బావి అడుగున బురదనీళ్లే మిగిలి ఉన్నాయి. తెల్లవారకముందే మా ఇంటాయన ఊరిన నీళ్లన్నీ తోడేశాడు. బావ ఇంజన్ దగ్గర కూర్చుని పానా తీశాడు. నట్లు రాకపోతే పానాకు గొట్టం తొడిగి, కాలితో తన్ని తిప్పాడు. ఇంజన్‌కు పైమూతలా ఉండే హెడ్డును పట్టి ఉంచే నాలుగు బోల్టుల్లో ఒకటి ఆ తన్నుకే వంగింది. డీజిల్ గొట్టాన్ని చేత్తో లాగి తెంపాడు. అప్పటికి చప్పుడు విని మా ఇంటాయన గట్టు దాటి పరుగెత్తి వస్తున్నాడు. చేతిలో గొడ్డలి ఉంది. తుమ్మకొమ్మలు కొడుతున్నవాడు అట్లాగే వచ్చాడు.

"దాన్ని ముట్టకు! నరుకుత!"

"నడుపురా! ఎట్ల నడుపుతవో నడుపు!" అని బావ హెడ్డును రెండు చేతులా గుండెకెత్తుకుని బావిలోకి విసిరాడు.

నీళ్లలో అది పడ్డ చప్పుడూ గొడ్డలి దిగిన చప్పుడూ వెంటవెంటనే వినిపించాయి. బావ తలకు అడ్డంగా కుడిచెయ్యి ఎత్తాడు. గొడ్డలి మోచేతి కింద పడింది. ఆయన ముందుకు మొగ్గి ఇంజన్ మీద బోర్లా పడ్డాడు. హెడ్డు లేని ఇంజన్ అంటే నోరు తెరిచిన కుండ లాంటిది. పైనుంచి చూస్తే గుండ్రని బొక్క, అందులో పిస్టన్ నెత్తి. ఆ బొక్కలోకి నెత్తురు ధారగా పోయింది. మా ఇంటాయన రెండోసారి గొడ్డలి ఎత్తాడు. నేను వెనకనుంచి గొడ్డలి కర్ర పట్టుకుని వేలాడాను. నన్ను ఈడ్చుకుంటూ రెండడుగులు వేసి, ఏమనుకున్నాడో గొడ్డలి వదిలేశాడు. పోయి కాలువలో కాళ్లు కడుక్కుని గట్టు మీద కూర్చున్నాడు.

మా యారాలు, అంటే బావ భార్య, సద్దిగంపతో వస్తూ చూసింది. గంప అక్కడే పడేసి, కట్టుకున్న చీర కొంగు చింపి మొగుడి చెయ్యి కట్టింది. కట్టడం అయ్యాక లేచి, రాయి తీసుకుని నా మూతి మీద కొట్టింది. నా ముందుపళ్లు రెండు ఆనాడే పోయాయి. నేను ఆమె జుట్టు పట్టుకున్నాను. నలుగురు వచ్చి విడదీసేదాకా బురదలో పొర్లాం. బావను బండి మీద వేసుకుని ధర్మపురి తోవకు, అక్కడినుంచి బస్సులో కరీంనగర్ దవాఖానాకు తీసుకుపోయారు. మా ఇంటాయన్ను సాయంత్రానికి పోలీసులు పట్టుకుపోయారు. ఊరి నడుమ నుంచి లాఠీలతో కొడుతూ నడిపించారు. నేను గడప మీద నిలబడి చూశాను. నోరు వాచి మాట రావడంలేదు.

తరువాత వచ్చిన రోజుల్లో మడి ఎండటం మొదలైంది. పొట్టలో ఉన్న వరికి నీళ్లు తప్పిపోతే తాలు తప్ప గింజ రాదు. మా మడీ, బావ మడీ ఒక్కలాగే నెర్రెలిస్తున్నాయి. మోట కొడదామంటే మోట బొక్కెన ఎప్పుడో చినిగిపోయింది. బావ ఎద్దుకు కాలు విరిగి ఉంది. నేను జగిత్యాల బస్సెక్కి, ఇంజన్లు బాగుచేసే సాయబు దుకాణం వెతుక్కుంటూ పోయాను. గడ్డం నెరిసిన మనిషి. నా మూతి చూశాడు కానీ ఏమైందని అడగలేదు.

"హెడ్డు ఉందా బిడ్డా?"

"బాయిల ఉంది మిస్త్రీ."

"పగిలిందా?"

"తెల్వది. చూసినోళ్లు లేరు."

"గట్లయితే తీసిపెట్టుండ్రి. పగిలితే నేనేం జెయ్యలేను. ఎల్లుండి పొద్దుటి బస్సుకొస్త."

చెప్పినట్టే వచ్చాడు. భుజాన పనిముట్ల సంచీ, చంకలో గుడ్డలో చుట్టిన కొత్త గాస్కెట్టు. గాస్కెట్టు అంటే హెడ్డుకూ ఇంజన్ మొండేనికీ నడుమ పెట్టే రాగి రేకు పొర. అది సరిగా కూర్చోకపోతే నిప్పూ నీళ్లూ ఒకదాంట్లోకి ఒకటి దూరి ఇంజన్ చస్తుందని దారిలో నాకు చెప్పాడు. హెడ్డు ఇంకా బావిలోనే ఉంది. దిగుతానని ఇద్దరు మొగవాళ్లు మాటిచ్చి రాలేదు. అన్నదమ్ముల నెత్తురు పడ్డ బావి అని భయపడ్డారు.

అప్పటిదాకా ఉత్తగా ఉండటమెందుకని మిస్త్రీ మొండెం శుభ్రం చేయడానికి కూర్చున్నాడు. పైముఖం మీద నల్లగా చెక్కులు కట్టి ఉంది. రేకుముక్కతో గీకుతూ గీకుతూ ఆగాడు.

"గిది మసి గాదు."

"కాదు. మా బావ నెత్తురు."

ఆయన "తోబ, తోబ" అని చెంపలు వేసుకున్నాడు. తరువాత గుడ్డను గ్యాసునూనెలో, అంటే కిరోసిన్‌లో, ముంచి నాకిచ్చాడు. "తుడువు. గీకితే ఇనుము గీసుకపోతది. నాననిచ్చి తుడువాలె." నేను తుడిచాను. నెత్తురు పిస్టన్ చుట్టూ ఉన్న సందులోకి కూడా దిగింది. నాననిచ్చి, తుడిచి, మళ్లీ నాననిచ్చాను. గుడ్డ ఎర్రమట్టి రంగుకు మారుతూ ఉంది.

అంతలో యారాలు వచ్చింది. కరీంనగర్ నుంచి వచ్చి రెండు పూటలే అయింది. చేతిలో కొడవలి ఉంది.

"ఎవరు ముట్టమన్నరే దాన్ని? నా పెనిమిటి దవాఖాన్ల పడి ఉంటే నువ్వు ఇంజన్ నడుపుకుంటవా?"

"నీ మడి గూడ ఎండుతుందక్కా."

"ఎండనీ! నీ పీనుగెల్ల, నీ మొగడు నరికిన తాన నీళ్లు నాకొద్దు!"

కొడవలి విసిరింది. నా పక్కనుంచి పోయి పంపు గొట్టానికి తగిలింది. మిస్త్రీ మా ఇద్దరి నడుమకు వచ్చి నిలబడ్డాడు. ఆమె ఆయన్ను తోసేసింది. నేనూ లేచాను. మిస్త్రీ కింద పెట్టిన గీకే రేకు నా చేతికొచ్చింది, దాన్ని ఆమె మెడకు పెట్టేంత దగ్గరికి పోయాను. అప్పుడు ఆమె చూపు నా భుజం మీదుగా తన మడి మీద పడింది. పొద్దున నీరెండలో కూడా వరి ఆకులు సూదుల్లా చుట్టుకుని ఉన్నాయి. నెర్రెల్లో కప్ప ఒకటి ఎండి చచ్చి ఉంది. ఆమె చీర మోకాళ్ల పైకి దోపుకుని, మోట మోకు నడుముకు కట్టుకుని, "పట్టుకో" అని రెండో కొస నా మొహాన విసిరింది.

ఆమె పుట్టిల్లు గోదావరి ఒడ్డున. చిన్నప్పుడే ఈత నేర్చినదని అందరికీ తెలుసు. మెట్లు దిగి, ఇన్ని రోజులుగా తోడక ఊరి నిలిచిన నీళ్లలోకి దూకింది. మునిగి, లేచి, ఊపిరి పీల్చి, మళ్లీ మునిగింది. నేను మోకు పట్టుకుని పైన నిలబడ్డాను. వదిలితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. వదల్లేదు. చాలాసేపటికి మోకు గుంజింది. అడుగున బురదలో దిగబడ్డ హెడ్డుకు మోకు కట్టి పైకొచ్చింది. మిస్త్రీ, నేను కలిసి దాన్ని లాగాం. బురద కారుతూ, ఒక మూలన చిన్న పెచ్చు ఊడి, అది పైకొచ్చింది. మిస్త్రీ కడిగి, సుత్తి కొనతో మెల్లగా కొట్టి చప్పుడు విన్నాడు. గంటలా మోగింది.

"పగల్లే. బురదల పడ్డది గద, బతికింది," అన్నాడు.

హెడ్డు అడుగు ముఖాన్ని అద్దంముక్క మీద పెట్టి వంకర ఉందా లేదా చూశాడు. వాల్వులు విప్పి బురద తీసి, నూనె రాసి మళ్లీ కూర్చోబెట్టాడు. వంగిన బోల్టును కొలిమి కాడికి పంపి సాపు చేయించాడు. అన్నీ అయ్యాక గాస్కెట్టు విప్పి, నీళ్లు పోయే బొక్కలూ బొక్కలూ సరిగ్గా కలిసేలా మొండెం మీద పరిచాడు. హెడ్డెత్తి దించబోతున్నాడు, అప్పుడు యారాలి తమ్ముడు వచ్చాడు.

వాడు గట్టు మీది నుంచి దూకినట్టు వచ్చాడు. చేతిలో దుడ్డుకర్ర. నేను అరిచేలోగానే కర్ర మిస్త్రీ కుడిచేతి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఎండుకట్టె విరిచినట్టు వినిపించింది. హెడ్డు ఆయన చేతిలోంచి జారి మట్టిలో పడింది. వాడు రెండో దెబ్బ నా వీపు మీద వేశాడు. నేను పంపు గుంత అంచున పడ్డాను.

"మా బావను నరికినోడు ఉరెక్కేదాక గీ ఇంజన్ల చుక్క నీళ్లు రావద్దు! మళ్ల బాయిలనే పడేస్త!" అని వంగి హెడ్డు ఎత్తబోయాడు.

వాడి అక్క తడిచీరలోనే ఉంది. ఇంజన్ తిప్పే ఇనుప హ్యాండిల్ పక్కనే బావి గోడకు ఆనించి ఉంది. దాన్ని తీసుకుని తమ్ముడి మోకాలి మీద కొట్టింది. వాడు కూలాడు. మళ్లీ కొట్టింది, ఈసారి భుజం మీద.

"అక్కా! నీ మొగన్ని నరికినోని మడికి నీళ్లు పెడ్తవానే?"

"నా మడి ఎండుతుందిరా! రేపు నా పిల్లలు నీ ఇంటికొచ్చి తింటరా? నీ పెండ్లాం పెడ్తదా? పో! లేచి పో, లేకుంటే తలకాయ పగులగొడ్త!"

వాడు కుంటుకుంటూ, దూరం పోయేదాకా తిడుతూ పోయాడు. తరువాత చాలా ఏళ్లు ఆ అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు.

మిస్త్రీ నేల మీద కూర్చుని చెయ్యి పట్టుకుని ఊగుతున్నాడు. మొహం తెల్లబడింది. రెండు తాటిమట్ట ముక్కలు పెట్టి, తువ్వాలతో ఆయన చెయ్యి కట్టాం. బండి కట్టిస్తానన్నాను, దవాఖానాకు పొమ్మన్నాను.

"బండ్ల పోతే తొవ్వ పొడుగునా కుదుపులే. సాయంత్రం బస్సుకు పోత. గప్పటిదాక ఊకె కూసోని ఏం జెయ్యాలె? గంత దూరమొచ్చిన," అన్నాడు. పళ్లు బిగపట్టి మాట్లాడుతున్నాడు. "నేను జెప్త, మీరు జెయ్యుండ్రి. ముందుగాల హెడ్డుకంటిన మట్టి తుడువుండ్రి. ఒక్క ఇసుక రవ్వ ఉన్నా పొర పట్టది."

హెడ్డును ఇద్దరం రెండు దిక్కులా పట్టుకుని ఎత్తాం. నాలుగు బోల్టుల మీదికి తిన్నగా దించాలి, ఒక పక్కకు వాలితే గాస్కెట్టు నలుగుతుంది. వీపు మీది దెబ్బకు నా దిక్కు కొంచెం వాలింది. "ఆగు, ఆగు, సాపుగ," అన్నాడు మిస్త్రీ. దించాం. నట్లకు నూనె రాసి, ముందు ఉత్త వేళ్లతో ఎంత వస్తే అంత తిప్పమన్నాడు. తరువాత పానా యారాలి చేతికి ఇచ్చాను. ఆమె మొదటి నట్టుకు పానా వేసి బలమంతా పెట్టి గుంజింది. మెడ నరాలు పొంగాయి.

"ఆపు! గది మనిషి గొంతు గాదమ్మా పిసికనీకి!" మిస్త్రీ అరిచాడు. "ఒక్కటే బిగిస్తే గా దిక్కు కుంగుతది, ఈ దిక్కు లేస్తది. కొంచెం గిక్కడ, కొంచెం దానికి ఎదురుదానికి. మూలకు మూల. మళ్ల మొదటికి రా. అన్నీ ఒక్కతీరు బిగువుకు రావాలె."

ఆమె పానా వెనక్కి తిప్పి ఆ నట్టు వదులు చేసింది. మళ్లీ మొదలుపెట్టింది. ఆమె ఒక మూల, నేను దానికి ఎదురు మూల. పానా ఒకటే కాబట్టి ఆమె చేతిలోంచి నా చేతికి, నా చేతిలోంచి ఆమె చేతికి మారుతూ ఉంది. కొంచెం, మళ్లీ కొంచెం. మొదటి చుట్టులో నట్లు తేలిగ్గా తిరిగాయి. ఆ తరువాత గట్టిపడ్డాయి. మిస్త్రీ కళ్లు మూసుకుని, నట్టు ఏ చప్పుడు చేస్తుందో విని, "ఇంక జర," "చాలు," "ఎదురుది," అంటున్నాడు.

మూడో చుట్టో నాలుగో చుట్టో అయ్యేటప్పుడు, పానా నాకిస్తూ, నా వైపు చూడకుండానే ఆమె అంది.

"చెయ్యి తీసేస్తరట. నిన్న డాక్టర్ జెప్పిండు. కుళ్లు పట్టిందట."

నేను పానా పట్టుకుని నిలబడ్డాను. ఆ చెయ్యి నాకు తెలుసు. నా పెళ్లిలో పందిరి గుంజలు పాతిన చెయ్యి, నా పెద్దబిడ్డను తేలు కుడితే ఎత్తుకుని వైద్యుడి కాడికి ఉరికిన చెయ్యి.

"ఎదురు నట్టు," అన్నాడు మిస్త్రీ.

తిప్పాను.

హెడ్డు మీద వాల్వులను నొక్కే మీటలు ఉంటాయి. వాటికీ వాల్వులకూ నడుమ సన్నటి సందు ఉండాలి. మిస్త్రీ ఎడంచేత్తో జేబులోంచి పల్చటి రేకు తీసి ఇచ్చాడు. అది సందులో దూరి, లాగితే కొంచెం పట్టినట్టు ఉండాలన్నాడు. అది కుదరడానికి చాలాసేపు పట్టింది. డీజిల్ గొట్టాన్ని అతికించి తగిలించి, అందులోని గాలి పోయేదాకా నూనె కారనిచ్చాం.

హ్యాండిల్ ముందు నేను తిప్పాను. వాల్వును ఎత్తిపట్టే చిన్న పిడిని యారాలు పట్టుకుంది, నేను వేగం అందుకున్నాక వదలాలి. ఆమె ముందే వదిలేసింది. హ్యాండిల్ వెనక్కి తన్ని నా దవడకు తగిలింది. కళ్లు బైర్లు కమ్మి కూర్చుండిపోయాను. నోట్లో మళ్లీ నెత్తురు. కావాలనే చేసిందని ఇప్పటికీ అనుకుంటాను, కాదనీ అనుకుంటాను. ఆమె నన్ను పక్కకు జరిపి తానే హ్యాండిల్ పట్టుకుంది. పిడి నేను పట్టుకున్నాను. పెద్దగా అరుస్తూ తిప్పింది. ఏ దేవుణ్ని తిట్టిందో ఏమో. నేను పిడి వదిలాను. ఇంజన్ ఒకసారి దగ్గింది, మరోసారి దగ్గింది. పొగగొట్టంలోంచి ముందు నల్లటి నీళ్లు, తరువాత ఎర్రగా ఏదో చిమ్మింది. ఆ తుంపర మా ఇద్దరి మొహాల మీద పడింది. అప్పుడు అది అందుకుని నడిచింది.

వేడెక్కేదాకా నడిపించి, మిస్త్రీ ఆపమన్నాడు. చల్లారాక నట్లన్నీ అదే వరసలో మరోసారి బిగించమన్నాడు. వేడికి పొర కుంగుతుంది, అప్పుడు నట్లు వదులవుతాయట. బిగించాం. ఈసారి ఒక్కొక్కటీ కొంచెమే తిరిగింది. మీటల సందు కూడా మళ్లీ చూశాం. చెమ్మ ఎక్కడా లేదు. మిస్త్రీ అంచు చుట్టూ వేలితో తడిమి, తలూపి, సంచీ భుజానికి తగిలించమన్నాడు.

నీళ్లు కాలువలోకి వచ్చాయి. "ముందుగాల నా మడికి," అంది యారాలు, కాలువకు అడ్డంగా నిలబడి. చేతిలో పానా ఇంకా ఉంది. నేను పక్కకు జరిగాను. సాయంత్రం దాకా ఆమె మడికే పోయాయి. నా మడికి మర్నాడు అందాయి. నా మడిలో ఒక మూల తాలు పోయింది కానీ తక్కినదంతా గింజ పట్టింది.

బావ మోచేతి పైదాకా చెయ్యి పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. మొదట్లో రోజూ పొద్దున బావి కాడికి వచ్చి ఇంజన్ వైపు రాళ్లు విసిరేవాడు. ఎడంచేత్తో విసిరేవి ఎప్పుడూ తగిలేవి కావు. యారాలు ఆయన్ను పట్టుకుని ఇంటికి లాక్కుపోయేది. కేసు కరీంనగర్‌లో నడిచింది. చివరికి కోర్టులో బావ నిలబడి, తన చెయ్యి పంపును తిప్పే ఇంజన్ పట్టాలో పడి నలిగిందని చెప్పాడు. గొడ్డలి సంగతి తనకు తెలియదన్నాడు. ఆ మాట ఆయన చేత ఎవరు చెప్పించారో నాకు తెలుసు. మరిది జైల్లో ఉంటే భూమి సగం బీడు పడుతుందని, ఒక్క చెయ్యి మనిషి దున్నలేడని, మరిదితో దున్నించుకోవచ్చని యారాలు లెక్క వేసింది. ప్రేమతో కాదు. కోర్టు మెట్లు దిగుతూ ఆమే నాతో అంది.

"నీ మొగన్ని ఇడిపించిన. ఇగ ఆయన బతికున్నన్ని దినాలు నా మడి దున్నాలె. గిది ఆయనకు నువ్వే చెప్పు."

ఆయన జైలు నుంచి ఇంటికొచ్చిన రోజే చెప్పాను. మా ఇంటాయన ముందు ఇంజన్ చూసొచ్చాడు. ఆడవాళ్లు విప్పి బిగించారని ఊళ్లో నవ్వుతున్నారట. దున్నాలన్న మాట వినగానే నడుముకున్న తోలుపట్టా ఊడదీసి నన్ను వాకిట్లో కొట్టాడు. నేను కింద పడలేదు. యారాలు గోడ అవతలనుంచి చూసింది. అరవలేదు, ఆపలేదు. ఆయన అలిసిపోయేదాకా ఆగి, గోడ మీదుగా అంది.

"అయిపోయిందా? రేపు పొద్దుగాల నాగలి కట్టుకొని రా."

ఆయన మర్నాడు పోయాడు. బతికున్నన్నాళ్లూ ఆ మడి ముందు దున్ని, తరువాతే మాది దున్నాడు. నా మీద చెయ్యి ఎత్తడం మాత్రం మానలేదు. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. యారాలూ నేనూ చుట్టరికంగా కూర్చుని మాట్లాడుకున్న రోజు లేదు. కానీ ఊళ్లోకి కరెంటు తీగలు వచ్చేదాకా ఆ ఇంజన్‌ను ఏ మొగవాడూ విప్పలేదు. గాస్కెట్టు కాలినప్పుడల్లా ఆమె గోడ మీదుగా "పానా తీస్కో" అని కేక వేసేది, నేను పానా, గ్యాసునూనె సీసా పట్టుకుని పోయేదాన్ని.